చిలుక ముక్కు కింద గాటు

ఆరిన కర్టెన్‌ను నాంచారి ఎప్పటిలాగే గోడమీది, పోలికలు పట్టే సామ్యనేత్రం ముందు పట్టుకుంది. పెడనలో అచ్చు వేసిన ఏ బట్టయినా ఆ గాజుకన్ను ఒప్పుకున్నాకే ఆన్‌లైన్ దుకాణాలకెక్కాలి. లోకంలో నమోదైన బొమ్మలన్నీ దానికి కంఠతా వచ్చు. నిన్నటిదాకా పచ్చగా వెలిగిన కన్ను ఈసారి ఎర్రబడింది.

“ఈ చిలుక బొమ్మ మరొకరి పేర నమోదైంది. మీ దుకాణం మూసివేశాం. హక్కుదారుతో రాజీకి కూర్చోండి.”

రాజీ అంటే గోడతో మాట్లాడటమే. పాత కక్షలు అడ్డురాకూడదని ఇరుపక్షాల పేర్లూ, ఊళ్లూ దాచిపెట్టేవారు. గొంతులకు కూడా ముసుగు వేసేవారు. ఆడో మగో తెలియని గొంతు ఒకటి గదిలో పలికింది.

“ఆ చెక్క అచ్చు నాకు పంపెయ్. నీ దుకాణం తెరిపిస్తా.”

“నా ఇంట్లో అచ్చు అడగడానికి నువ్వెవరు?”

“దొంగ సొమ్ము ఇంట్లో పెట్టుకుంటే సొంతమైపోద్దా?”

“నోరు అదుపులో పెట్టుకో!”

“దూషణ వద్దు,” అంది సామ్యనేత్రం మెత్తగా.

నాంచారి పళ్లు నూరింది. కానీ దుకాణం మూతపడితే పొయ్యి వెలగదు. చివరికి దిగొచ్చింది.

“సరే, పంపుతా.”

“నకలు చెక్కించి పంపితే ఊరుకోను. చిలుక ముక్కు కింద గాటుండాలి. మా అమ్మ చెక్కుతుంటే ఉలి జారి పడిన గాటది.”

ఆ గాటు సంగతి నాంచారి కాక తెలిసినది ఇంకొక్కరికే, చెల్లెలు తిరుపతమ్మకు. తల్లి దినం నాడే అచ్చుల పెట్టె కోసం అక్కాచెల్లెళ్లు జుట్టూ జుట్టూ పట్టుకున్నారు. పెట్టె నాంచారికి దక్కింది. చిలుకలు అద్దిన తల్లి పాత దుప్పటి ఒక్కటే చంకన పెట్టుకుని తిరుపతమ్మ శాపనార్థాలు పెడుతూ వెళ్లిపోయింది. మళ్లీ ఆ గడప తొక్కలేదు.

“అచ్చు అసలు లేకుండా చేస్తే?” నాంచారి సామ్యనేత్రాన్ని అడిగింది.

“అచ్చూ, దానితో వేసి మీ దగ్గరున్న బట్టలూ నశిస్తే అతిక్రమణ తొలగినట్టే. హక్కుదారు అనుమతి అక్కర్లేదు.”

ఆమె లేచి, రంగు కాగుతున్న పొయ్యిలోకి అచ్చును విసిరింది. వెంటనే ఇంట్లో ఉన్న ఒకే ఒక్క చిలుక కర్టెన్ కూడా తోసింది.

చెక్క చిటపటలు విని గోడలోంచి గొంతు అరిచింది: “ఏం కాలుస్తున్నావ్? అక్కా! అమ్మ చేతిదే అది!”

“నేనని తెలిసే వేశావటే దావా?”

“తెలిసే వేశా. ఊరికే అడిగితే ఇచ్చేదానివా?”

అవతలి ఏడుపు ముసుగులో ఇమడక, రేకును గీరినట్టు వినిపించింది.

“అతిక్రమణ తొలగింది. రాజీ పూర్తయింది,” అని సామ్యనేత్రం ఇద్దరి మధ్య దారి మూసేసింది. తీరిన తగాదాలో మళ్లీ మాట కలిపే ఏర్పాటు లేదు, కొత్త తగాదా పుడితే తప్ప.

దుకాణం తెరుచుకుంది. రెండు రోజులు నాంచారి అటువైపు చూడనే లేదు. మూడోనాడు కాగితం ముందేసుకుని చిలుకను గీయబోయింది. తోక కుదిరితే మెడ కుదరలేదు. గాటు ముక్కుకు దగ్గరగా ఉండేదా, కాస్త ఎడంగానా? చెరిపింది, గీసింది, మళ్లీ చెరిపింది. చీకటిపడే వేళకు ఒక బొమ్మ తేలింది. దాన్ని సామ్యనేత్రం ముందు పట్టుకుంది. కన్ను ఎర్రబడాలని జీవితంలో మొదటిసారి మొక్కుకుంది.

పచ్చగా వెలిగింది.

“దేనితోనూ పోలిక లేదు. నిశ్చింతగా అమ్ముకోవచ్చు.”