చప్పుడు చెయ్యని పెట్టె

పొయ్యి మీద పాలు పెట్టి, కోడలు ముందుగదిలోకి వచ్చి కంప్యూటర్ ఆన్ చేసింది. పాలు పొంగేలోపు అది పనిలోకి వస్తే ఆ రోజు మంచిరోజని ఆమె లెక్క. ఈ మధ్య మంచిరోజు మొహం చూసి ఎరుగదు. నల్లటి తెర మీద ఇంగ్లీషులో ఒక వాక్యం వచ్చి నిలబడింది. ముందుకు పోవాలంటే ఫలానా మీట నొక్కమంది. అత్తయ్య ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చిన దగ్గర్నుంచీ రోజూ ఇదే తంతు. నొక్కితే పోయేదాన్ని కూర్చుని చదవడమెందుకని ఆమె ఇవాళా చదవకుండానే నొక్కేసింది.

అది కొట్లో కొన్న కంప్యూటర్ కాదు. లిఫ్టులు బాగుచేసే ఆమె భర్త విడిభాగాలు ఒక్కొక్కటే తెచ్చి, భోజనాల బల్ల మీద పరిచి, సొంతంగా బిగించాడు. పెట్టె ఒకచోటిది, లోపలి సరంజామా ఇంకోచోటిది, తెర ఎవరో వద్దనుకున్నది. అత్తయ్య దానికి అతుకుల బొంత అని పేరు పెట్టింది. పేరెలా ఉన్నా, దాని ముందు కూర్చునే కోడలు ఇళ్ళ ప్లాన్లు గీసి ఇంజినీరు ఆఫీసుకు పంపుతుంది. ఇప్పుడా బొంత నత్తతో పందెం వేసుకున్నట్టు నడుస్తోంది. గీత గీస్తే అది తెర మీద కనపడేలోపు వెళ్ళి మంచినీళ్ళు తాగి రావచ్చు. ఒక్కోసారి ఉన్నట్టుండి ఆరిపోతుంది కూడా.

పక్కగదిలోంచి దగ్గు వినపడింది. రెండు దగ్గులు, కాస్త ఆగి మళ్ళీ ఒకటి. కోడలి చెయ్యి మౌసు మీదే ఆగిపోయింది. ఊపిరితిత్తుల జబ్బుతో అత్తయ్య చావు తప్పి బయటపడింది. దగ్గు మళ్ళీ మొదలైతే మాత్రం ఆలస్యం చెయ్యొద్దని డాక్టరమ్మ మరీ మరీ చెప్పి పంపింది. ఇంటికొచ్చిన కొత్తలో లేని దగ్గు ఇప్పుడు రోజంతా వస్తూనే ఉంది.

భర్త చొక్కా గుండీలు పెట్టుకుంటూ వచ్చాడు.

"అత్తయ్య మళ్ళీ దగ్గుతున్నారండీ."

"వింటూనే ఉన్నాను. సాయంత్రం త్వరగా వస్తా, డాక్టరు దగ్గరికి తీసుకెళ్దాం. ఈ కంప్యూటర్ లేచిందా?"

"లేచింది, నడవట్లేదు. ఒకసారి పెట్టె విప్పి చూడరాదూ?"

"లోపల చూడ్డానికేముంది? నా చేత్తో బిగించాను. జబ్బంతా సాఫ్ట్‌వేర్‌లోనే ఉంది. నిన్న చెత్త ఫైళ్ళన్నీ తీసేశానుగా."

"మొన్న వైరస్ అన్నారు. అంతకుముందు నెట్ అన్నారు. రోగం ఒకటైతే మందు ఇంకోటి వేస్తున్నారేమో."

"ఆదివారం చూస్తాలే."

"ఆదివారం దాకా ఎవరాగుతారు? ఈ మెట్ల డ్రాయింగు ఇవాళ సాయంత్రానికి పంపకపోతే సోమవారం నుంచి ఆఫీసుకే వచ్చి గీయమన్నారు ఇంజినీరుగారు. నేను పొద్దున పోయి చీకటిపడ్డాక వస్తే అత్తయ్యకి దిక్కెవరు?"

"నాన్న ఉన్నారుగా."

ఆ మాటకి ఇద్దరూ పక్కగది గుమ్మం వైపు చూశారు. మంచం పక్క కుర్చీలో మామయ్య ముందుకు వంగి, తల ఒక పక్కకి వాల్చి, ఉలుకూ పలుకూ లేకుండా కూర్చున్నాడు. బట్టల మిల్లులో మగ్గాల మోత మధ్య బతుకంతా గడిపిన మనిషి. పిలిస్తే రెండోసారికి గానీ పలకడు, మిల్లు అలవాటని అందరూ సరిపెట్టుకున్నారు. ఆయన తల పైన గోడగడియారం కూడా ఆగిపోయి ఉంది. ఈ ఇంట్లో ఏదీ సరిగ్గా నడవట్లేదనుకుంది కోడలు. ఊపిరాడక అత్తయ్య పిలిస్తే, ఆయన ఇలాగే నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుని ఉంటే? భర్త హెల్మెట్ తీసుకుని వెళ్ళిపోయాడు.

మధ్యాహ్నానికి మెట్లు సగం దాకా ఎక్కించగలిగింది. ఆ పెట్టె నేర్పిన భయంతో నాలుగు గీతలకోసారి సేవ్ చేసుకుంటూనే ఉంది. మలుపు దగ్గరికి వచ్చేసరికి తెర టప్పున ఆరిపోయింది. సరిగ్గా అప్పుడే పక్కగదిలో దగ్గు. గోరుచుట్టు మీద రోకటిపోటంటే ఇదేననుకుంటూ పెట్టె మీద చెయ్యి వేసి, చురుక్కుమని వెనక్కి లాక్కుంది. పెనంలా కాలిపోతోంది. ఏదో మాడిన వాసన కూడా ముక్కుకి తగిలింది. వెంటనే భర్తకు ఫోన్ చేసింది.

"ఆరిపోయిందండీ. పైన చెయ్యి పెట్టలేకపోతున్నా, అంత వేడి."

లిఫ్టు గోతిలో ఉన్నాడేమో, అతని గొంతు మోగుతూ వచ్చింది. "ఫ్యాను తిరుగుతున్న చప్పుడు వచ్చేదా?"

ఆమె ఆలోచించింది. ఇదివరకు ఆ పెట్టె తుమ్మెదలా రోజంతా రొద పెట్టేది. ఈ మధ్య అది నోరు మూసుకుంటే, పోనీలే అత్తయ్య నిద్రకు అడ్డు లేదని సంతోషించింది.

"లేదు. చాలా రోజులుగా లేదు."

"ఆన్ చేసినప్పుడు తెర మీద ఏమీ రావట్లేదా? ఫ్యాను ఆగితే అదే చెబుతుంది."

"ఏదో వస్తోంది. నొక్కేస్తున్నాను."

"నువ్వు చదవలేదు, నేను విప్పలేదు. దొందూ దొందే. ప్లగ్గు పీకేసి, చల్లారాక పక్క రేకు విప్పి చూడు."

విప్పి చూసింది. ఫ్యానుకు వెళ్ళే సన్నటి వైరు దానంతటది ఊడలేదు. ఎవరో నెమ్మదిగా తీసి, మడిచి, దేనికీ తగలకుండా తెల్లదారంతో ఒక వారగా కట్టారు. దారానికి ఆవగింజంత ముడి. ఆ ముడి ఆమెకు కొత్త కాదు. తలగడ గలీబుల అంచున, తెగిన సంచి పట్టీకి, కిటికీ తెరకు, ఈ ఇంట్లో ఎటు చూసినా అదే. మగ్గం మీద తెగిన పోగును అతికే నేతగాడి ముడి.

ఆమె దారాన్ని తెంపి అరచేతిలో పెట్టుకుని పక్కగదిలోకి నడిచింది.

"మామయ్యా, ఆ వైరు మీరు తీశారా?"

ఆయన పలకలేదు. ఆ ముడిని ఆయన కళ్ళముందు పెట్టింది. ఆయన దాన్ని చూసి, తల దించుకున్నాడు.

"తీశాను."

"ఎందుకు తీశారు? అది కాలిపోతోంది తెలుసా? మాడిన వాసన కూడా వచ్చింది. ఇల్లంటుకుంటే ఈవిణ్ణి మంచం మీంచి ఎలా దింపుతాం? నా పని పోతే ఈవిణ్ణి ఎవరు చూసుకుంటారు?" ఆమె ఇంతకాలం ఆయన ఎదుట గట్టిగా మాట్లాడిన మనిషి కాదు.

"నేను చూసుకోలేనని మీ ఇద్దరూ అనుకుంటున్నారు. మాట వినపడకపోయినా మొహాలు కనపడతాయమ్మాయ్."

కోడలు మంచం అంచున కూర్చుంది.

"ఆస్పత్రిలో ఆ రోజు నేను పక్కనే ఉన్నాను," అన్నాడాయన. "పేపరు చదువుకుంటున్నాను. మీ అత్తయ్యకి ఊపిరి ఆగిపోతోంటే నాకు తెలియలేదు. నర్సు పరుగెత్తుకొస్తే, ఎందుకొచ్చిందా అని తలెత్తి చూశాను. ఇంటికొచ్చాకైనా పక్కన కూర్చుని ఊపిరి వినాలనుకున్నా. చెవిలో ఒకటే రొద. ఆ పెట్టెదే అనుకుని ఆపాను. అయినా వినపడలేదు. గడియారం బ్యాటరీ తీశాను. కిటికీ మూశాను. అయినా వినపడలేదు. అప్పుడర్థమైంది, తప్పు ఫ్యానుది కాదని."

"మాకు చెప్పొచ్చు కదా మామయ్యా."

"చెబితే నన్నీ కుర్చీలోంచి లేపేస్తారు."

ఆయన రెండు చేతులతో కుర్చీని గట్టిగా పట్టుకున్నాడు. ఈ ఇంట్లో భయపడేది తానొక్కతేనని ఇన్నాళ్ళూ అనుకుంది కోడలు. తన కోపమంతా ఎటు పోయిందో ఆమెకే తెలియలేదు. కళ్ళలో నీళ్ళు మాత్రం మిగిలాయి.

"దగ్గితే మాత్రం ఆయనకి వినపడుతుంది," అంది అత్తయ్య మంచం మీంచి, కళ్ళు తెరవకుండానే.

కోడలు ఉలిక్కిపడింది. "ఏంటత్తయ్యా?"

"నా దగ్గు జబ్బు దగ్గు కాదే తల్లీ. ఈయన మొహం పాలిపోయినప్పుడల్లా ఒకసారి దగ్గుతున్నా, బతికే ఉన్నానని తెలియడానికి. లేకపోతే ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తాడు, కునుకు పట్టనివ్వడు. దగ్గీ దగ్గీ గొంతు మంటెత్తిపోతోంది."

"ఆ దగ్గు విని నా పంచప్రాణాలూ ఎగిరిపోతున్నాయి. నాతో ఒక్క ముక్క అనొద్దా?"

"అంటే ఆయన చెవి సంగతి చెప్పాలి. ఆయన దాచుకున్నది నేనెలా బయట పెడతాను?"

కోడలికి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. మామయ్యకు ఇందులో సగం కూడా వినపడలేదు. ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూస్తున్నాడు. ఆమె ఆయన ముందు మోకాళ్ళ మీద కూర్చుని, పెదాలు కనపడేలా నిదానంగా అడిగింది.

"మామయ్యా, మిల్లులో అన్ని మగ్గాలూ ఒక్కసారే మోగుతుంటే, ఏది చెడిందో మీకెలా తెలిసేది?"

"ఆ మోతలో చెవితో ఎవడు వింటాడు? చట్రం మీద చెయ్యి వేస్తే చాలు. నడక తప్పితే ముందు అరచేతికే తెలుస్తుంది," అని ఆయన ఆగిపోయాడు.

అత్తయ్య పక్కకి తిరిగి పడుకుంది. కోడలు ఆయన చెయ్యి పట్టుకుని ఆమె వీపు మీద ఆనించింది. ఆయన కళ్ళు మూసుకున్నాడు. కాసేపటికి బిగుసుకుపోయిన ఆయన భుజాలు కిందికి దిగాయి. చెంపల మీదికి నీళ్ళు జారుతున్నా తుడుచుకోవడానికి ఆ చెయ్యి తియ్యలేదు.

కోడలు ముందుగదిలోకి వచ్చి, భర్త ఫోన్లో చెబుతుంటే వైరును దాని చోట గుచ్చింది. ఫ్యాను జుయ్యిమంది. నల్లటి తెర మీద ఈసారి ఏ వాక్యమూ రాలేదు, వస్తే చదవాలని ఆమె కళ్ళు పెద్దవి చేసుకుని కూర్చుంది. గీత గీస్తే గీత పడింది. మెట్లు మలుపు తిరిగి పైఅంతస్తు చేరాయి. పొద్దు ఇంకా ఉండగానే డ్రాయింగు ఇంజినీరు ఆఫీసుకు వెళ్ళిపోయింది.

భర్త చెప్పినట్టే త్వరగా వచ్చాడు. గుమ్మంలోనే జరిగిందంతా విన్నాడు. వింటూ హెల్మెట్ పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. "రేపు నాన్నను చెవుల డాక్టరుకు చూపిద్దాం," అన్నాడు. ఉన్నట్టుండి అతని మొహం మారింది.

"అమ్మ దగ్గట్లేదేంటి?"

దగ్గు నాటకమని తెలిసి కూడా కోడలు ఆ గది వైపు చెవి రిక్కించింది. నిజమే, చాలాసేపటి నుంచి ఆ గదిలోంచి ఏ చప్పుడూ లేదు. ఇద్దరూ ఒకరినొకరు తోసుకుంటూ పక్కగదికి పరుగెత్తారు. అత్తయ్య నోరు కాస్త తెరిచి గాఢంగా నిద్రపోతోంది. మామయ్య అరచెయ్యి ఆమె వీపు మీదే ఉంది. వీళ్ళ నీడ మీద పడితే తలెత్తి, రెండో చేత్తో మెల్లగా అని సైగ చేశాడు.

"నడుస్తోంది," అన్నాడు.