రాయని ప్రశ్న

ఇంకొక్క అంతస్తు!

ఎస్సై మెట్లు రెండేసి చొప్పున ఎక్కుతోంది.

పైన బూట్ల చప్పుడు... బ్యాంకు గార్డు! చేతిలో డబుల్ బ్యారెల్ తుపాకి.

పదిహేను రోజుల క్రితం అతని కళ్ళెదుటే ఎవడో అతని కొడుకుని పొడిచి పారిపోయాడు. గార్డు గుర్తుపట్టిన మెకానిక్‌ని ఇవాళ పొద్దున వదిలేశారు. ఆ మెకానిక్ గది నాలుగో అంతస్తులో!

విడిపించింది ఎస్సై. ఇరికించిందీ ఆమే!

ఆ రోజు గార్డుని అడిగింది... "ఆ ఎర్ర చొక్కావాడు ఎటు పరిగెత్తాడు?"

అప్పటికి గార్డు చొక్కా ఊసే ఎత్తలేదు. దారిలో ఎవరో అన్న మాట ఆమె నోటికొచ్చేసింది. అంతే!

స్టేషన్ రైటర్ జవాబులే రాస్తాడు, ప్రశ్నలు రాయడు. కాగితం మీద మిగిలింది ఒకటే... 'ఎర్ర చొక్కావాడు సందులోకి పరిగెత్తాడు.' నాలుగు రోజులకి గార్డు జ్ఞాపకంలో ఆ చొక్కాకి మొహం కూడా వచ్చింది. షెడ్డులో ఎర్ర చొక్కాతో ఉన్న పాపానికి మెకానిక్ దొరికిపోయాడు. హత్య టైమ్‌లో వాడు షెడ్డులోనే ఉన్నాడని కెమెరా నిన్న తేల్చింది!

"ఆగండి బాబాయ్!"

తలుపు ముందు గార్డు గిర్రున తిరుగుతాడు. తుపాకి ఆమె గుండెకి!

"అడ్డు రాకమ్మా! వాణ్ని ఈ కళ్ళతో చూశా!"

"చూళ్ళేదు! ఎర్ర చొక్కా అన్నది నేను, మీరు కాదు. వినండి!"

ఆమె ఫోన్‌లో ఆనాటి రికార్డింగ్... గార్డు గొంతే.

"వీపొక్కటే కనిపించిందమ్మా... మొహం చూళ్ళేదు..."

పనికిరాని మాట అంటూ, అది రాయకుండా రైటర్ని ఆపింది ఆమే. ఛీ! ఏం బతుకు తనది!

తుపాకి మెల్లగా కిందికి దిగుతుంది. గార్డు గోడకి జారబడి వెక్కివెక్కి ఏడుస్తాడు.

"మరి నా కొడుకుని చంపిందెవరమ్మా?"

"తెలీదు బాబాయ్... తప్పంతా నాదే. అది నాకివ్వండి."

ఆమె చెయ్యి చాస్తుంది. అతను ఇవ్వబోతాడు...

తలుపు తెరుచుకుంటుంది!

మెకానిక్. నిద్రమొహం, ఒంటి మీద మాసిన బనీను.

"ఏంటండీ ఈ గొడవ?"

గార్డు తలెత్తుతాడు. ఏడుపు టక్కున ఆగిపోతుంది.

"వీడే! అమ్మా... వీడే!"

"బాబాయ్, వద్దూ!"

ఢాం!