పాల మీద ఒట్టు

దీపం ఎప్పుడు ఆరిపోతుంది పిల్లలూ? గాలి ఎక్కువైతేనా, గాలి లేకపోతేనా? తొందరలేదు, ఆలోచించి చెప్పండి. రెండూ సరైనవే. ఆ రెండో జవాబు మా ఇంట్లో ఒక ప్రాణం తీసింది.

మా తమ్ముడు ఖుమైస్ ఊరి చివర ఆలివ్ నూనె మిల్లులో పనిచేసేవాడు. మిల్లు కింద లోతైన తొట్టి ఉండేది. పళ్ళు పిండాక మిగిలే నల్లనీళ్ళు అందులోకి దిగేవి. బురద పేరుకుంటే మనిషి దిగి తోడాలి. ఆ నీళ్ళు కుళ్ళితే విషపుగాలి పుడుతుంది. బరువైన గాలి, అడుగునే పడుకుని ఉంటుంది. అందుకే తనిఖీ అధికారి ఒకాయన వచ్చి నియమం పెట్టి వెళ్ళాడు: దిగే ముందు ప్రతిసారీ జాలీ కట్టిన లాంతరు దించి చూడాలి, అది ఆరితే దిగకూడదు, ఇవాళ ఏం మారిందో ఒకరినొకరు అడగాలి. ఆ నియమాన్ని అద్దం కట్టించి గోడకు తగిలించారు కూడా.

మేస్త్రీ పేరు హెదిలి. మా అమ్మ పాలు తాగి పెరిగినవాడు. ఒక తల్లి పాలు తాగితే మాలో సొంత అన్నదమ్ముల కింద లెక్క. కొత్తలో వాడు లాంతరు బుద్ధిగా దించేవాడు. తర్వాత్తర్వాత నోటితోనే దించడం మొదలుపెట్టాడు.

ఆ మధ్యాహ్నం వాన. హరీసా కారం రాసిన రొట్టె పట్టుకుని మిల్లుకు వెళ్ళాను. లోపల పట్టపగలే చీకటి. పులిసిన పళ్ళ వాసన, దాని మాటున కుళ్ళిన గుడ్ల వాసన. ముసురు పట్టడంతో తొట్టి మూత చాన్నాళ్ళుగా తీయలేదు.

"ఒరేయ్ హెదిలీ, లాంతరు దించావా?" నడుముకు తాడు కట్టుకుంటూ అడిగాడు ఖుమైస్.

"దించానురా పెళ్ళికొడకా! వెలుగుతోంది. తొందరగా దిగు, అవతల లారీవాడు తిట్టిపోస్తున్నాడు."

"అమ్మ పాల మీద ఒట్టా?"

"ఒట్టు."

"జ్లీఖా, రొట్టె చల్లారనీకు," అని నా వైపు చూసి నవ్వి దిగిపోయాడు ఖుమైస్.

తల కిందికి మాయమయ్యాక కనిపించింది నాకు, మేకుకు వేలాడుతున్న లాంతరు. గాజు ముట్టుకున్నాను. చల్లగా ఉంది.

"హెదిలీ! పైకి లాగు వాణ్ణి!"

"గోల చెయ్యకక్కా. పిలిస్తే పలుకుతాడు చూడు. ఖుమైస్!"

"బాగున్నా," అంది కింది నుంచి గొంతు.

"విన్నావా? ఖుమైస్!"

"బాగున్నా."

అదే మాట. అదే పొడుగు. మధ్యలో ఊపిరి లేదు...

బడిలో నేను హాజరు పిలిచేటప్పుడు, రానివాడి బదులు పక్కవాడు పలుకుతాడు చూడండి. ఆ గొంతు నాకు బాగా తెలుసు. అలవాటుగా జవాబు చెప్పడానికి వీల్లేని ప్రశ్న వెయ్యాలి అప్పుడు. తొట్టి మీదికి వంగాను.

"ఖుమైస్, కింద ఇవాళ ఏం మారింది?"

ఎక్కడో ఒక్క చుక్క పడింది.

"ఇవాళ... ఇద్దరం ఉన్నాం, అక్కా."

ఖుమైస్ నన్ను ఏనాడూ అక్కా అనలేదు. పేరు పెట్టే పిలిచేవాడు.

తాడు లాగాం. బరువుగా వచ్చింది. వాడి పెదాలు నల్లబడ్డాయి. కాళ్ళు అడుగు తాకగానే పోయుంటాడన్నాడు డాక్టరు. అంటే... హెదిలి మొదటిసారి పిలవకముందే.

విచారణలో హెదిలి ఏమన్నాడో తెలుసా? లాంతరు ఆరిపోయినా ఆగకుండా దిగింది ఖుమైసేనట! పరామర్శకు వచ్చి, మా అమ్మ పాదాల దగ్గర కూర్చుని, ఏడుస్తూ అదే మాట.

అమ్మ వాడి గడ్డం పట్టుకుని మొహం పైకెత్తింది. "చెప్పు నాయనా. నువ్వు దించావా, లేదా?"

"దించానమ్మా. నీ పాల మీద ఒట్టు."

అమ్మ చెయ్యి తీసేసుకుంది. కొంగుతో తుడుచుకుంది.

అప్పుడు... ఇదే వాకిట్లో, వాననీళ్ళు పట్టే ఈ నేలతొట్టిలో, బండమూత కింద... ఎవరో గొంతు సవరించుకున్నారు. ఏదో జవాబు చెప్పబోయేవాళ్ళలాగా.

అందరం విన్నాం. హెదిలి కూడా విన్నాడు. చెప్పులు వదిలేసి పోయాడు.

ఆ జవాబు మాత్రం ఇంకా రాలేదు.

సరే, చేదు పోయేందుకు ఆలివ్ కాయలకు నీళ్ళు మార్చడం సగంలో వదిలేశాను. ఆ బాల్చీ ఇలా ఇవ్వండి.