ఎరువు తెచ్చుకున్న రక్తం

మా బావగారు ఇచ్చిన వస్తువు ఏదీ మా ఇంట్లో నిలవలేదు. బావగారంటే మా ఆయనకి అన్నయ్య, పైవాటాలో ఒంటరిగా ఉండేవాడు. పిసినారి అనడానికి లేదు, అడిగినవాళ్ళకి అడిగింది ఇచ్చేవాడు. కానీ ఇచ్చిన క్షణం నుంచే దాన్ని వెనక్కి తీసుకోవడం కోసం కాచుక్కూర్చునేవాడు. వానలో గొడుగిచ్చి, వాన సన్నగిల్లగానే సగం దారిలో ఎదురొచ్చి పట్టుకుపోయిన మనిషి. మా పెళ్ళికి కుర్చీలిచ్చి, చుట్టాలు ఇంకా వాటి మీద కూర్చుని ఉండగానే ఒక్కొక్కరినీ లేపి తీసుకుపోయాడు. బెల్లు కొట్టడు, పిలవడు. చేతిలో ఉన్న తాళంచెవుల గుత్తితో తలుపు మీద పైనుంచి కిందకి గీస్తాడు. తలుపు తీస్తే ఒకటే మాట.

"అవసరం తీరిందా అమ్మాయ్?"

ఒకసారి ఇంట్లో పిండి నిండుకుంటే గిన్నెడు ఇచ్చాడు. డబ్బా అడుగున మిగిలిన మా పిండిలో కలిపి రొట్టెలు చేశాను. పొయ్యి ఆర్పానో లేదో గుమ్మంలో ఉన్నాడు. "మీదీ మాదీ కలిపేశాను బావగారూ, రేపు కొని ఇచ్చేస్తాను" అన్నాను. "కొన్నది నాది కాదుగా" అన్నాడు. "నాది వేరు చేసి ఇవ్వలేవు. అయితే మొత్తం ఇచ్చెయ్." రొట్టెలన్నీ గిన్నెతో సహా పట్టుకుపోయాడు. ఆ పూట మేం పస్తు. మా ఆయన పడీ పడీ నవ్వాడు. నాకు మాత్రం ఒళ్ళు మండిపోయింది.

మా ఆయన తీరు దీనికి పూర్తిగా ఎదురు. ఎవరికి ఏమిచ్చాడో ఆయనకే గుర్తుండదు. పక్కింటికి ఇచ్చిన కుర్చీ పక్కింటిదే అయిపోతుంది. మా అమ్మాయి పుట్టినప్పుడు నాకు చాలా రక్తం పోతే, ఆయన రక్తమే తీసి ఎక్కించారు. ఇన్నేళ్ళలో ఎన్ని దెబ్బలాటలు వచ్చాయో లెక్కలేదు, ఒక్కసారైనా "నా రక్తంతో బతికావు" అని నోరు జారలేదు. అదే నేనిచ్చి ఉంటే పొద్దున్నా సాయంత్రం దెప్పేదాన్ని.

అలాంటి మనిషికి రక్తంలోనే క్యాన్సర్ వచ్చింది. ఉన్న మందులన్నీ అయ్యాయి. తగ్గినట్టే తగ్గి మళ్ళీ తిరగబెట్టింది. అప్పుడు డాక్టరమ్మ ఒక కొత్త వైద్యం సంగతి చెప్పింది. ఇంకా పరీక్షల్లోనే ఉందట, కొద్దిమందికే చేస్తున్నారట.

"రక్తసంబంధీకుల నుంచి తెల్ల కణాలు తీసి, వాటికి రోగాన్ని గుర్తుపట్టడం నేర్పి, ఫ్రీజర్లో గడ్డకట్టించి దాస్తాం. తర్వాత మీ ఆయనకి ఎక్కిస్తాం. అవి రోగాన్ని చంపొచ్చు. లేదంటే మీ ఆయన ఒంటినే పరాయిదనుకుని దాని మీదే పడొచ్చు."

"పడితే?"

"ఒక విరుగుడు ఉంది. అది ఎక్కిస్తే మేం ఇచ్చిన కణాలు చచ్చిపోతాయి, మీ ఆయనవి మిగులుతాయి. కానీ ఆ తర్వాత రోగం తిరగబెడితే మా దగ్గర ఇంక మందు లేదమ్మా."

రక్తం కుదిరింది బావగారిదే. నేను వెళ్ళి అడిగాను. వెల్లుల్లి రెబ్బ నములుతూ విన్నాడు. గుండెకి మంచిదని రోజంతా పచ్చి వెల్లుల్లి నమిలేవాడు, ఆ వాసన ఆయన కంటే ముందు గదిలోకి వచ్చేది. "దానికేం, ఇస్తాను. అవసరం తీరాక తీసుకుంటాను" అన్నాడు. ఆసుపత్రిలో రక్తం తీసే కుర్రవాళ్ళకి కూడా అదే మాట చెప్పాడట. వాళ్ళు జోకనుకుని నవ్వారట. వాళ్ళకేం తెలుసు.

ఆ కణాలు ఇంకా ఫ్రీజర్లో ఉండగానే బావగారు పోయాడు. ఎవరికో ఇచ్చిన నిచ్చెన వెనక్కి తెచ్చుకోవడానికి వెళ్ళి, వాళ్ళింటి మేడ నుంచి ఆ నిచ్చెన మీదే దిగుతూ పడ్డాడు. ఒంటి మీద అన్నీ దొరికాయి, తాళంచెవుల గుత్తి తప్ప. ఎంత వెతికినా కనపడలేదు.

"ఆయన పోయినా ఇవి బతికే ఉన్నాయమ్మా, మీ అదృష్టం" అంది డాక్టరమ్మ, మంచుపొగలు కక్కుతున్న సంచిని చూపిస్తూ. నన్ను ఓదార్చడానికే అంది పాపం.

సంచి కరిగించి ఎక్కించడం మొదలుపెట్టగానే గదంతా వాసన. పచ్చి వెల్లుల్లి వాసన. నేను ముక్కు మూసుకుని సిస్టర్ వంక చూశాను.

"కణాలు పాడవకుండా కలిపే మందు వాసనండీ. అందరికీ ఇలాగే వస్తుంది. ఒకటి రెండు రోజుల్లో పోతుంది" అంది.

నిజంగానే పోయింది. తర్వాత కొన్నాళ్ళు మా ఆయన బాగానే ఉన్నాడు. జ్వరం వస్తే మంచిదే, కణాలు పనిలో పడ్డాయన్నమాట అన్నారు. ఆ తర్వాత అరచేతులు ఎర్రబడ్డాయి. అరికాళ్ళు కూడా. చర్మం పొరలు పొరలుగా లేవడం మొదలైంది. చూద్దాం, ఇంకా కంగారు పడక్కర్లేదు అంది డాక్టరమ్మ.

ఆసుపత్రిలో ఆయన్ని ఉంచిన గది గురించి చెప్పాలి. దానికి కిటికీ లేదు. బయటి గాలి లోపలికి రాకుండా రెండు తలుపులు, వాటి మధ్య చేతులు కడుక్కునే ఇరుకు గది. బయటి తలుపు మూసుకుంటే తప్ప లోపలి తలుపు తెరుచుకోదు. మధ్య గదిలో మనిషి ఉంటే రెండు తలుపుల పైనా ఎర్ర దీపం వెలుగుతుంది, ఆ మనిషి కదిలేదాకా ఇంకొకరు రాలేరు. తలుపుకి చిన్న అద్దం ఉంది. వెలుగు చూస్తే కళ్ళు మండుతున్నాయంటాడని దీపాలన్నీ ఆర్పి కూర్చునేదాన్ని. దెయ్యాలు రాత్రే తిరుగుతాయని ఎవరన్నారో గానీ, ఇది జరిగింది మధ్యాహ్న భోజనాల వేళ.

మా ఆయన మగతలో ఉన్నాడు. యంత్రం సన్నగా కూస్తోంది. నేను కుట్టుపని చేసుకునేదాన్ని కాబట్టి అక్కడ కూడా ఒక పాత జాకెట్టు కుట్లు విప్పుకుంటూ కూర్చున్నాను, చీకట్లో వేళ్ళతో తడుముకుంటూనే. ఎర్ర దీపం వెలిగింది. సిస్టర్ వస్తోందనుకున్నాను. మధ్య గదిలో కుళాయి విప్పిన చప్పుడు. నీళ్ళు పోతున్నాయి... పోతూనే ఉన్నాయి. ఎంతసేపు కడుక్కుంటుంది చేతులు, అనుకున్నాను.

లేచి అద్దంలోంచి చూశాను.

ఎవరూ లేరు. కుళాయి మాత్రం పారుతోంది.

అప్పుడొచ్చింది వాసన. పచ్చి వెల్లుల్లి.

నేను గంట నొక్కాను. గోడకున్న పెట్టెలోంచి సిస్టర్ గొంతు వచ్చింది. "వస్తానండీ. మధ్య గదిలో ఎవరో ఉన్నట్టు చూపిస్తోంది. వాళ్ళు బయటికి వస్తే గానీ నాకు తలుపు రాదు."

"ఇక్కడ ఎవరూ లేరమ్మా."

"ఉన్నారండీ. నాకు దీపం కనిపిస్తోంది."

కుళాయి ఆగింది. నిశ్శబ్దం... తర్వాత తలుపు మీద ఇనుము గీసిన చప్పుడు. పైనుంచి కిందకి. నెమ్మదిగా. ఆ చప్పుడు నాకు కొత్త కాదు.

మంచం మీద నుంచి మా ఆయన గుసగుసగా అన్నాడు. "అన్నయ్య వచ్చాడు."

"మీరు పడుకోండి. జ్వరంలో అలాగే అనిపిస్తుంది."

"తనది తనకి వేరు చేసి ఇవ్వమంటున్నాడు." ఎర్రటి అరచేతులు పైకెత్తి చూసుకున్నాడు. "వేరు చెయ్యలేకపోతే..."

మాట పూర్తి చెయ్యలేదు. చెయ్యక్కర్లేదు. నాకు రొట్టెల గిన్నె గుర్తొచ్చింది.

మళ్ళీ గీసిన చప్పుడు. ఈసారి కాస్త కిందుగా, తాళం దగ్గర. మా ఆయన ఒళ్ళు మంచం మీద ఎగిరెగిరి పడుతోంది. యంత్రం కూత మారిపోయింది. అరచేతి మీద చర్మం నా కళ్ళ ముందే, ఎవరో అంచు పట్టుకుని లాగుతున్నట్టు, ఇంకాస్త లేచింది. భయం ఎంత ఉందో కోపం అంత వచ్చింది. బతికున్నప్పుడు పస్తుపెట్టింది చాలక చచ్చాక మొగుడి మీదకి వచ్చాడు.

తలుపుకి నోరానించి అన్నాను. "ఆగండి బావగారూ. మీది మీకు ఇచ్చేస్తాను. కలిసిన కుట్లు విప్పడం నాకు తెలుసు. మాది మాత్రం ముట్టుకోకండి."

గీత ఆగింది. ఎర్ర దీపం ఆరిపోయింది. మరుక్షణం సిస్టర్ తోసుకుంటూ లోపలికి వచ్చింది, వెనకాలే డాక్టరమ్మ. మా ఆయన కనురెప్పలు విప్పి చూశారు. తెల్లగుడ్డు పసుపుపచ్చగా మారింది.

"విరుగుడు ఎక్కించండి" అన్నాను.

"ఆ కణాలు కాలేయం మీద కూడా పడ్డాయి, నిజమే. కానీ వేరే మందుతో ఒక్క రోజు ఆగి చూడొచ్చు. ఇప్పుడే చంపేస్తే ఇంత శ్రమా..."

"ఎరువు సొమ్ము బరువు చేటమ్మా. ఇచ్చినవాడిది ఇచ్చినవాడికి పోనివ్వండి."

ఆవిడ నా మొహంలోకి చూసి ఇంక వాదించలేదు. విరుగుడు ఎక్కించారు. పొద్దు వాలేసరికి జ్వరం దిగింది. ఆయన కళ్ళు తెరిచి "ఏమోయ్, ఆకలేస్తోంది" అన్నాడు. నేను తనివితీరా ఏడ్చాను.

తర్వాత ఎన్ని పరీక్షలు చేశారో. బావగారి కణం ఒక్కటి కూడా లేదన్నారు. రోగం కూడా జాడ లేదన్నారు. ఉన్న ఆ కొద్ది రోజుల్లోనే పని పూర్తిచేసి పోయాయట. డాక్టరమ్మ మొహం వెలిగిపోతోంది. అవసరం తీరింది, ఎరువూ తీరింది, పీడ విరగడైంది అనుకుంటూ ఆయన్ని ఇంటికి తెచ్చుకున్నాను. అరచేతుల ఎరుపు ఒక్కటే పోలేదు. మెల్లిగా పోతుందన్నారు.

ఇంటికొచ్చిన కొత్తలో పక్కింటికి వెళ్ళి, ఎప్పుడో ఇచ్చిన కుర్చీ మోసుకొచ్చాడు. పక్కింటి పెద్దాయన చేతికర్రతో వెనకాలే వచ్చాడు, ఏమనాలో తెలియక. నేను నవ్వేశాను. చావు తప్పిన మనిషికి వస్తువుల విలువ తెలిసి ఉంటుంది, తెలియనీ అనుకున్నాను. తర్వాత మా అమ్మాయి వచ్చి మూతి ముడిచింది.

"అమ్మా, నాన్న నా పెన్ను తీసేసుకున్నాడు. పుట్టినరోజుకి తనే ఇచ్చాడుగా."

"నాన్నకి రాసుకోవడానికి కావాలేమోలే."

"రాసుకోవట్లేదు. పెట్టెలో పెట్టి తాళం వేశాడు."

అప్పుడైనా నాకు బుర్ర పనిచేయాల్సింది.

ఇవాళ మధ్యాహ్నం వెనక గదిలో మిషను మీద కుడుతున్నాను. సూది వేలికి దిగింది. రక్తం బొట్టు బట్ట మీద పడింది. తల ఎత్తితే ఆయన గుమ్మంలో నిలబడి ఉన్నాడు. నన్ను చూడటం లేదు. ఆ బొట్టునే చూస్తున్నాడు. గదిలో వెల్లుల్లి వాసన... ఆయన మందులన్నీ ఆపేసి ఎన్నాళ్ళో అయింది.

"అవసరం తీరిందా అమ్మాయ్?"

నన్ను ఆయన పెళ్ళైన నాటి నుంచీ "ఏమోయ్" అనే పిలుస్తాడు.

"ఏ అవసరం అండీ?"

"నీ కాన్పప్పుడు ఇచ్చానుగా."

నవ్వబోయాను. నవ్వులో నవ్వుగా తేలిపోతుందేమోనని నోటికొచ్చింది అనేశాను. "అదెప్పుడో నా రక్తంలో కలిసిపోయింది కదండీ. ఇప్పుడు వేరు చేసి ఎలా ఇస్తాను?"

అన్నాక తెలిసింది ఏమన్నానో.

ఆయన తల ఊపాడు. "అవును. కలిసిపోయింది." చాలా మెల్లగా నవ్వాడు. "అమ్మాయిలో కూడా."

తలుపు ఎలా వేశానో, గడియ ఎలా పెట్టానో నాకు తెలియదు. ఫోను హాల్లో ఉండిపోయింది. మిషను తలుపుకి అడ్డంగా జరిపాను. అప్పటి నుంచీ ఒకటే గీత... పైనుంచి కిందకి... పైనుంచి కిందకి. ఆయన పిలవడం లేదు, తలుపు తొయ్యడం లేదు. గీస్తున్నాడంతే.

ఇందాక నేల మీద పడుకుని తలుపు కింద సందులోంచి చూశాను. ఆయన గడప అవతల చతికిలబడి కూర్చుని ఉన్నాడు. రెండు అరచేతులూ నేల మీద వెల్లకిలా పెట్టుకున్నాడు, ఎవరైనా ఏమైనా వేస్తారేమో అన్నట్టు. ఎర్రగా ఉన్నాయి. ఖాళీగా ఉన్నాయి. నా తలపైన, తలుపు మీద, తాళంచెవుల గుత్తి గీస్తూనే ఉంది.

వీధి మలుపులో బడి బస్సు ఆగిన చప్పుడైంది. మా అమ్మాయి వస్తోంది.

గీత ఆగింది.

మళ్ళీ వంగి చూశాను. చేతులు కదల్లేదు, అక్కడే ఉన్నాయి. గుత్తి చప్పుడు మాత్రం హాల్లోంచి వీధి తలుపు వైపు వెళ్తోంది.