ఆపరేషన్ చెప్పుల వరస

గుంతకల్లు జంక్షన్ నాలుగో ప్లాట్‌ఫాం మీద, బుధవారం మిట్టమధ్యాహ్నం, దోసకాయ ముక్కలు అమ్ముతున్న కొండప్ప ఉన్నట్టుండి బుట్ట మీదికి ఒరిగి ప్రాణం వదిలాడు. వడదెబ్బ అన్నారు చుట్టూ చేరినవాళ్లు. జూన్ మొదటి వారంలో అక్కడ ఎవడు పడిపోయినా అదే మాట. చంపినవాళ్లు ఆ సంగతి తెలుసుకునే వచ్చారు. మెడ వెనక దోమ కుట్టినంత మచ్చ, లోపల విషం. కొండప్పకు దోసకాయల వ్యాపారం లేదు. ఢిల్లీలో బోర్డు కూడా లేని ఒక డిపార్ట్‌మెంట్‌కు పదకొండేళ్లుగా పనిచేస్తున్న మనిషి అతను.

గురువారం సాయంత్రం ఒక లాడ్జి గదిలో ఆ డిపార్ట్‌మెంట్ చీఫ్ చెన్నప్ప, ఏజెంట్ ఓబిలేష్‌ను నిలబెట్టే బ్రీఫింగ్ మొదలుపెట్టాడు.

"రేపు మధ్యాహ్నం ఒకటీ నలభైకి ఒక మిలిటరీ స్పెషల్ ఈ ఊరు దాటి గుత్తి వైపు పోతుంది. ఏడో వ్యాగన్‌లో కొత్త రాడార్. డెల్టా రింగ్ అనే గూఢచారుల ముఠా కన్ను దాని మీద పడింది."

"ఎత్తుకుపోతారా సార్?"

"అంత శ్రమ ఎందుకు? రైలు ఐదు నిమిషాలు ఆగితే చాలు. వ్యాగన్ కింద చిన్న బాక్స్ అతికిస్తారు. ఆ తర్వాత రాడార్ ఏం చూస్తే అది పరాయి దేశం వాడూ చూస్తాడు."

"ఎలా ఆపుతారు?"

"కనుక్కునేలోపే కొండప్పను లేపేశారు. జేబులో చీటీ దొరికింది. ఎర్రనేల వెబ్‌సైట్ అని ఒక్క ముక్క."

ఎర్రనేల అంటే షమా అనే అమ్మాయి గుంతకల్లులో నడుపుతున్న స్థానిక వార్తల వెబ్‌సైట్. చుట్టుపక్కల మండలాల్లో ముప్పై రెండు వేల ఫోన్లకు దాని అలర్ట్స్ పోతాయి. అందులో నెల రోజులుగా డిపార్ట్‌మెంట్ మనిషే ఒకామె డిజిటల్ జర్నలిజం ట్రైనర్ వేషంలో ఉంది. పేరు సువర్ణ. ఆమెను కలుసుకుని పని చక్కబెట్టమని ఆర్డర్. "మీ ఊర్లో వాన పడిందా?" అన్నది కోడ్. "మబ్బు పట్టింది, గాలికి పోయింది" అన్నది జవాబు.

"ఒకటి గుర్తుంచుకో. రైలు ఏ కారణంతోనూ ఆగకూడదు. వాళ్ల మనుషులు దారి పొడుగునా ఎక్కడున్నారో మనకు తెలియదు. డ్రైవర్‌కు ఆర్డర్స్ ఇచ్చేశాను," అన్నాడు చీఫ్, ఒక పెన్ను చేతిలో పెడుతూ. "క్యాప్ నొక్కితే మత్తు గ్యాస్. ఖరీదైంది. పారేయకు."

ఓబిలేష్ పుట్టింది విడపనకల్లులో. ఢిల్లీ వాళ్లకు అనంతపురం జిల్లా భాష వచ్చిన ఏజెంట్ అవసరం పడేది కరువొచ్చినప్పుడో కుట్ర జరిగినప్పుడో. అందుకే, మూడు దేశాలు తిరిగొచ్చాక, అతనితో ఇన్నాళ్లూ ఫైళ్లు మోయించారు.

శుక్రవారం ఉదయం పది గంటలకు మిక్సీల రిపేరు షాపు పైన ఉన్న ఎర్రనేల ఆఫీసు మెట్లెక్కాడు. చేతిలో సెల్ఫీ స్టిక్, మెడలో నకిలీ విలేకరి కార్డు.

"ఎవురన్నా నువ్వు?" అంది షమా, కంప్యూటర్ మీంచి తల తిప్పకుండా.

"విడపనకల్లు నుంచి. రిపోర్టర్ ట్రైనింగ్‌కు."

"కార్డేసుకోని వచ్చినోళ్లంతా రిపోర్టర్లే ఈ ఊర్లో. సన్మానాల ఫొటోలు తెచ్చింటే కిందికి దిగు. మేం వేయం."

ఆ పిల్ల అలా కస్సుమనడానికి కారణముంది. మూడేళ్లుగా ఉచితంగా దొరికే ప్రతి వెబ్ టూల్ తెచ్చి తన పల్లెల మీద పరీక్షించింది. కామెంట్లు తెరిస్తే బూతులు వచ్చాయి. పోల్ పెడితే సర్పంచులు కొట్టుకున్నారు. చదువు రానివాళ్ల కోసం వార్తలు చదివి వినిపించే బాట్ చేస్తే అది ఊళ్ల పేర్లన్నీ పాడుచేసింది. నిలిచింది ఒక్కటే, పదును మ్యాప్. వాన పడగానే రైతు చేలో చెయ్యి పెట్టి ఎంత లోతు తడిసిందో చూసి ఫొటో పంపిస్తాడు. ఆమె ఊళ్లోని మనిషికి ఫోన్ చేసి రూఢి చేసుకున్నాకే మ్యాప్‌లో పెడుతుంది. విత్తనం వేయాలా వద్దా అన్నది జనం ఆ మ్యాప్ చూసే తేల్చుకుంటారు. ఆ నమ్మకం కోసం ఆమె తిన్న తిట్లు లెక్కలేనన్ని.

"షమా, అతన్ని నేనే రమ్మన్నాను," అంటూ లోపలి నుంచి సువర్ణ వచ్చింది. ధర్మవరం నేత ఇంటి ఆడపిల్ల. నలభై రెండు డిగ్రీల ఎండలో నెమలికంఠం రంగు పట్టుచీర కట్టినా చెమట చుక్క లేదు. ఆ మనిషి నవ్వితే సీనియర్ ఆఫీసర్లే ఫైలు తెరిచిపెట్టేవారని డిపార్ట్‌మెంట్‌లో పేరు.

"మీ ఊర్లో వాన పడిందా మేడం?" అన్నాడు ఓబిలేష్.

"మబ్బు పట్టింది, గాలికి పోయింది." తర్వాత గొంతు తగ్గించి, "అంతా క్లియర్. ఒంటిగంట దాకా క్లాసులో కూర్చో," అంది.

కూర్చున్నాడు. హెడ్‌లైన్ ఎలా పెట్టాలో, అలర్ట్ ఏ టైంకు పంపితే ఎక్కువమంది తెరుస్తారో ఆమె బ్రహ్మాండంగా చెప్పింది. సరిగ్గా పన్నెండూ యాభైకి ఓబిలేష్ ఫోన్ మోగింది. షమా ఫోన్ కూడా మోగింది. ఎర్రనేల అలర్ట్.

'సబ్సిడీ విత్తన శెనక్కాయలు. మిగులు స్టాకు లారీ ఈరోజు ఒకటిన్నరకు కంపచెట్ల గేటు దగ్గర. ముందు వచ్చినవారికే.'

షమా మొహం పాలిపోయింది. "ఇది నేను పెట్టలేదు. మేడం, ఎవరు పెట్టినారు ఇది?"

కంపచెట్ల గేటు ఊరి బయట రైల్వే లెవెల్ క్రాసింగ్. దానికి ముందు పెద్ద వంపు. వంపు తిరిగేదాకా డ్రైవర్‌కు గేటు కనపడదు. ఓబిలేష్‌కు మొత్తం అర్థమైంది. చేలు దున్ని, విత్తనాల కోసం పది రోజులుగా ఆఫీసుల చుట్టూ తిరుగుతున్న జనానికి ఇంతకంటే పెద్ద ఎర లేదు. రైలు ఆగితే బాక్స్, ఆగకపోతే శవాలు. డెల్టా రింగ్‌కు రెండూ లాభమే. షమా కాక సైటు పాస్‌వర్డ్ తెలిసిన ఒకే మనిషి, సువర్ణ వైపు తిరిగాడు.

"కొండప్పను చంపింది నువ్వేనా?"

"దోసకాయ ముక్క కొనడానికి వంగాను. అంతే," అంది సువర్ణ. ఆమె చేతిలోని ట్రైపాడ్ కాలు ఊడి, లోపలి నుంచి సన్నటి తుపాకీ గొట్టం బయటికొచ్చింది. "ఇద్దరూ గోడ వైపు తిరగండి."

ఓబిలేష్ పెన్ను క్యాప్ నొక్కాడు. తుస్సుమంది. ఒక్క రోజు ఎర్రదుమ్ముకే ఖరీదైన గ్యాజెట్ మూసుకుపోయింది. సువర్ణ పగలబడి నవ్వింది. ఆ నవ్వు పూర్తయ్యేలోపు షమా టేబుల్ కింది స్టెబిలైజర్ ఎత్తి ఆమె మోచేతి మీద వేసింది. తుపాకీ ఎగిరిపడింది. ఓబిలేష్ మైకు వైర్లతో సువర్ణను కుర్చీకి కట్టేశాడు.

"పాస్‌వర్డ్ చెప్పు."

"చెప్పను. చెప్పినా లాభం లేదు. తీసేస్తే ఆఫీసర్లే తీయించారనుకుంటారు. స్టాకు లేదని సర్కారు చెబితే ఇక్కడ ఎవడైనా నమ్మాడా ఎప్పుడైనా?"

పాపిష్టిది, నిజమే చెప్పింది. ఒకటీ ఐదుకు, ఓబిలేష్ ఫోన్ చేస్తే పోయిన పోలీసులు గేటు దగ్గర మైకులో చెప్పి చూశారు. లారీ రాదు, వెళ్లిపోండి అన్నారు. రైతులు ఇంకా ముందుకు తోసుకున్నారు. ఒకటీ పదికి గేట్‌మన్ ఫోన్‌లో అరిచాడు.

"ఎనిమిదొందల మంది ఉండారు సార్! చెప్పులు తెచ్చి పట్టాల మీద వరసగా పెట్టినారు. తీయబోతే కొడతాండారు!"

ఓబిలేష్ చీఫ్‌కు ఫోన్ చేశాడు. "జనం పట్టాల మీద ఉన్నారు సార్. రైలు ఆపండి."

"ఆగదు."

"చచ్చిపోతారు సార్."

"ముప్పై నిమిషాలుంది. జీతం తీసుకుంటున్నావుగా?" ఫోన్ పెట్టేశాడు. ఓబిలేష్ పదిహేనేళ్ల ఉద్యోగంలో మొదటిసారి తన పై అధికారిని అమ్మనాబూతులు తిట్టాడు. డిస్‌కనెక్ట్ అయ్యాకే లెండి.

మెట్ల మీద అడుగుల చప్పుడు. షమా తల్లి మాబీ ఆయాసపడుతూ లోపలికొచ్చింది.

"ఏమే, మీ నాయన జుమ్మా నమాజు గూడా వదిలిపెట్టి కంపచెట్ల గేటుకు పోయినాడే! టీవీఎస్ ఏసుకోని. ఆత్రంలో ఫోన్ ఇంట్లోనే మర్సిపోయినాడు. నేను అడ్డం పోతే, నా బిడ్డ పెట్టింది అబద్ధమైతాదా అన్నాడు."

షమా నేల మీద కూలబడింది. ఏడ్చింది. తన సైటులో తన పేరుతో వచ్చిన మాట నమ్మి తండ్రి ఇమాంసాబ్ రైలు కింద పడబోతున్నాడు. అతనొక్కడే కాదు, అందరూ ఆ పేరు నమ్మే పోయారు.

"ఎలాగోలా ఇంకో అలర్ట్ పంపుదాం," అన్నాడు ఓబిలేష్. "లారీ మార్కెట్ యార్డుకు మారిందని."

"పంపను." షమా కళ్లు తుడుచుకుంది. "అబద్ధం రాయను. ఒగ అబద్ధానికే ఇంత జరుగుతాంది."

"మీ నాయన ఉన్నాడమ్మా అక్కడ!"

"నాకు తెలీదా? నువ్వేం చెప్పనక్కర్లేదు!"

ఇద్దరూ ఒకరినొకరు కొరికేసేలా చూసుకున్నారు. మాబీకి విసుగొచ్చింది.

"మాటలకు ఎవురొచ్చారప్పా? నిరుడు గూడా ఆఫీసరు గొంతు చించుకున్న్యాడు, ఒగడూ కదల్లేదు. యార్డు కాడ ఎవురో చెప్పులు పెట్టినారంటనే అందరూ ఉరికినారు. చెప్పులు యాడుంటే లైను ఆడ. యార్డు ముందర నాలుగు చెప్పులు పెట్టండి, ముసిలోళ్లు గూడా పరిగెత్తుకోని వచ్చారు."

"నాలుగు చాలవు," అన్నాడు ఓబిలేష్. "వందలు కావాలి. ఇప్పటికిప్పుడు ఎక్కడ?"

మాబీ కిటికీ వైపు చూసింది. రోడ్డుకు ఈ పక్క మార్కెట్ యార్డు గేటు. ఆ పక్క మసీదు. శుక్రవారం. లోపల నమాజు. వాకిట్లో గుట్టలు గుట్టలుగా చెప్పులు.

"అల్లా మాఫ్ చేస్తాడులే," అంది మాబీ, మూలనున్న గోనెసంచి అందుకుంటూ.

ఒకటీ పద్దెనిమిదికి, మూడు దేశాల్లో మారుపేర్లతో తిరిగిన సీక్రెట్ ఏజెంట్ మసీదు వాకిట్లో చెప్పులు దొంగిలించాడు. హవాయివి, తోలువి, బాటవి, తెగి పిన్నీసు పెట్టినవి. మాబీ రోడ్డు మీద వాహనాలను తిట్టి ఆపుతుంటే, సంచులు మోసి యార్డు గేటు ముందు జతకు జత ఆనించి పేర్చాడు. కాళ్లు కాలి బొబ్బలెక్కాయి, ఎందుకంటే మొదటి జత అతనిదే. ఒకటీ ఇరవై ఆరుకు వరస గోడ చివరి దాకా పోయింది.

షమా ఫోన్‌తో ఫొటో తీసింది. సైటు పాస్‌వర్డ్ సువర్ణ మార్చేసింది కాని, మట్టి ఫొటోలు పెట్టుకునే చెత్త టూల్ అని పదును మ్యాప్ జోలికి పోలేదు. దాన్ని షమా వేరే అకౌంట్‌తో నడుపుతోంది, కొత్త ఫొటో పడితే దాని అలర్ట్ కూడా ఫోన్లకు పోతుంది. అందులో యార్డు ఉన్న చోట ఫొటో పెట్టి, కింద ఇంతే రాసింది.

'గుంతకల్లు మార్కెట్ యార్డు గేటు ముందు చెప్పుల వరస. ఫొటో తీసిన సమయం 1.26.'

"విత్తనాలని రాయవా?" అన్నాడు ఓబిలేష్.

"కండ్లకు కనపడిందే రాసినా. మిగతాది వాళ్లిష్టం." పంపించేసింది.

ఒకటీ ఇరవై తొమ్మిదికి గేట్‌మన్ ఫోన్. "ఎవడో ఫోన్ చూసి అరిసినాడు సార్, లైను యార్డు కాడంట అని. చెప్పులు చేత్తో పట్టుకోని ఉరుకుతాండారు!"

"అందరూనా?"

"లే సార్. ఒగ ముసిలాయప్ప బండి స్టార్టు గాక పట్టాల మీదే తన్నుకుంటాండాడు."

షమా ఫోన్ లాక్కుంది. "పచ్చ టీవీఎస్సా? తెల్ల టోపీనా?"

"ఔనమ్మా."

"బండి వదిలిపెట్టి ఉరకమని చెప్పన్నా! నీ కాళ్లు మొక్కుతా!"

అవతల గేట్‌మన్ గొంతు దూరమైంది. అరుపులు, తోపులాట. ఒకటీ ముప్పై తొమ్మిదికి వంపు దగ్గర హారన్ వినిపించింది. తర్వాత రైలు మోత ఒక్కటే. షమా కళ్లు మూసుకుని అల్లాను పిలిచింది. మోత తగ్గింది.

"పాయె సార్ రైలు. ఆగల్యా." గేట్‌మన్ రొప్పుతున్నాడు. "ముసిలాయప్పను బండితో సహా ఈడ్చి కంపల్లోకి తోసినా. ముండ్లు గుచ్చుకున్న్యాయని నన్ను తిడతాండాడు."

అదే గేటు దగ్గర, పట్టాల పనిచేసే గ్యాంగ్‌మన్ వేషంలో డెల్టా రింగ్ మనిషి ఒకడు మిగిలిపోయాడు. ఎనిమిది వందల మంది మధ్య ఎవరికీ కనపడకుండా వ్యాగన్ కిందికి దూరాల్సినవాడు, ఒక్క మనిషి లేని బయలులో అయస్కాంతం బాక్స్ చేత పట్టుకుని నిలబడ్డాడు. నలుగురు కానిస్టేబుళ్లకు పని దొరికింది. సాయంత్రానికి డెల్టా రింగ్ మొత్తం లోపల ఉంది, సువర్ణతో సహా.

యార్డు ముందు మాత్రం గొడవ అప్పుడే మొదలైంది. నమాజు ముగించుకుని వచ్చినవాళ్లు కాలే నేల మీద గంతులేస్తూ చెప్పుల కోసం వచ్చారు. వరస కదిలిస్తే రైతులు ఒప్పుకోలేదు. రెండు గంటలకు విత్తనాల ఆఫీసరు జీపులో వచ్చి, పంపిణీ సోమవారం అన్నాడు. ఫొటో చూసి ఊళ్లోంచి వచ్చినవాళ్లతో కలిపి రెండు వేలైన జనం అతని వైపు ఒక్కసారి చూశారు. పావుగంటలో గోడౌన్ తాళం తెరుచుకుంది.

ఒంటినిండా ముళ్ల గాట్లతో ఇమాంసాబ్ వచ్చాడు. షమా ఎదురెళ్లి తండ్రి చొక్కా పట్టుకుంది.

"నాయనా, ఆ మొదటిది నేను పెట్టలేదు. నా పేరుతో ఎవురో పెట్టినారు."

"నీ పేరుండాదని పోతి. నీ పేరుండాదనే వస్తి." బిడ్డ తల మీద చెయ్యి వేశాడు. "ఈసారి పేరు జాగర్తగా పెట్టుకో తల్లీ."

ఆ మాట షమాకు తగిలింది. అక్కడే మెట్ల మీద కూర్చుని, జరిగిందంతా, చెప్పులు ఎవరివో, తను ఎక్కడ ఏమరుపాటుగా ఉందో దాచకుండా రాయడం మొదలుపెట్టింది.

ఇమాంసాబ్ ఓబిలేష్‌ను ఎగాదిగా చూశాడు. "ఈ మొదటి జత నీదేనంట గదప్పా. ఆకలైతాంది. అన్నం తిని వచ్చా, అంతదంక నా లైను నువ్వు చూడు. కదిలితే ఊరుకోను."

మూడు గంటలకు చీఫ్ ఫోన్. "శభాష్ ఓబిలేష్. మంత్రిగారు నీతో మాట్లాడాలంటున్నారు. నాలుగింటికి హెలికాప్టర్ పంపిస్తున్నాను."

ఓబిలేష్ వెనక్కి తిరిగి చూశాడు. రెండు వేల మంది అతని కాళ్ల వైపే చూస్తున్నారు.

"డెల్టా రింగ్ నుంచైతే తప్పించుకోగలను సార్," అన్నాడు. "ఇమాంసాబ్ అన్నం తిని వచ్చేదాకా ఇక్కడి నుంచి కదలడం మాత్రం నావల్ల కాదు."