సిగ్నల్ దగ్గర ఆగిపోయే కారు

కుందలహళ్ళి సిగ్నల్‌లో, మంచి వానలో, ఒక పాత కారు ఆగిపోయింది. వెనక బైక్ మీద తడిసి ముద్దవుతున్న హేమంత్‌కుమార్ హారన్ మోగించాడు. కారులోంచి ఒకమ్మాయి దిగి, అంత తొందరైతే తోయమంది. తోశాడు. తోసినవాడు తన దారిన పోవచ్చు కదా, బానెట్ ఎత్తించి, మళ్ళీ స్టార్ట్ చేయించి ఇంజన్ దగ్గర చెవి పెట్టాడు.

“ఎక్కడో గాలి లాగుతా ఉండాది. రబ్బరు పైపు పగిలింటుంది,” అన్నాడు.

ఆ అమ్మాయి పేరు శ్రుతి. కారును చవగ్గా కొట్టేయడానికి వచ్చిన బ్రోకర్ అనుకుని, అమ్మేది లేదని ముఖాన చెప్పేసింది. తనది హిందూపురమని, బొమ్మసంద్రలో ఇంజన్లు టెస్ట్ చేసే ఉద్యోగమని నమ్మించడానికి పాపం అతను ఐడీ కార్డు చూపించాల్సి వచ్చింది.

అది శ్రుతి వాళ్ళమ్మ డ్రైవింగ్ నేర్చుకున్న కారు. అమ్మ పోయాక దాన్ని కంటికి రెప్పలా చూసుకుంటున్నది నాన్న ఓబళప్ప. కానీ కూతురు నడిరోడ్డు మీద ఆగిపోతుంటే ఆయనకు భయం పట్టుకుంది. మెకానిక్‌లు చేతులెత్తేశారు. నెలాఖరుకు బాగుపడకపోతే తుక్కుకు ఇచ్చేస్తానన్నాడు.

అది విని, తాను చూస్తానన్నాడు హేమంత్. అలా అతని ఆదివారాలన్నీ చామరాజపేటలో ఆ ఇంటి ముందు గడిచాయి. పైపుల్లో పగులేదీ కంటికి కనిపించక ప్లగ్గులు మార్చాడు, ఫిల్టర్ మార్చాడు. ఓబళప్ప కాఫీలిచ్చాడు, శ్రుతి ఆటపట్టించింది. కారు నిజంగానే బాగుపడితే మళ్ళీ ఏ వంకతో రావాలో అతనికి తెలియలేదు. అయినా పనిలో మాత్రం దొంగాట ఆడలేదు, అందుకు మెచ్చుకోవాలి.

నెలలో చివరి ఆదివారం, ఇంజన్ ఆడుతుండగా ఒక్కో పైపు మీదా సబ్బునీళ్ళు చల్లాడు. వెనకవైపు సన్న పైపు మీద నీళ్ళు పడగానే ఇంజన్ శబ్దం మారింది. వేళ్ళతో తడిమితే ఆయుధపూజకు కట్టిన మాల దారం తగిలింది. బంతిపూలు ఎప్పుడో రాలిపోయాయి. బిగించిన దారం మాత్రం రబ్బరును కోసేసింది.

ఏటా ఇంజన్‌కు ఆ మాల కట్టేది ఓబళప్పే. హేమంత్ చప్పుడు చేయకుండా దారం విప్పి జేబులో వేసుకుని, కొత్త పైపు తొడిగాడు. ఇంజన్ నిలకడగా ఆడింది. రబ్బరు పాతబడిందని పెద్దాయనతో చెప్పాడు.

శ్రుతి అంతా చూసింది. నడిపి చూద్దామని ఇద్దరూ బయల్దేరారు. సిగ్నల్‌లో ఇంజన్ ఆగకుండా ఆడుతుంటే ఆమెకు కళ్ళు చెమర్చాయి.

“మా నాయనకు అబద్ధం ఎందుకు చెప్పినారు?”

“ఆయన భక్తితో కట్టినాడు. దాని వల్లే చెడిందంటే తట్టుకోలేడు.”

“థాంక్స్ అంటే చాలదు హేమంత్. నాకు మాత్రం ఎప్పుడూ నిజమే చెప్పాల.”

“అయితే వినండి. మీరంటే నాకిష్టం. కారు బాగైందని బాధగా కూడా ఉండాది.”

తనకూ అంతేనని చెప్పి, శ్రుతి ఎర్రబడిన ముఖంతో గేరు వేసింది.

తిరిగి వచ్చేసరికి ఓబళప్ప గుమ్మంలో ఉన్నాడు. బానెట్ ఎత్తించి, వెనకవైపు కొత్త పైపును వేళ్ళతో తడిమి చూశాడు.

“ఇక్కడ దారం కట్టింది నేనే అప్పా. ఇప్పుడు లేదు. నా మనసు నొస్తాదని దాచినావు,” అన్నాడు.

హేమంత్ తల దించుకున్నాడు. ఓబళప్ప నూనె మరకల ఆ చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకున్నాడు.

“మా ఇంటామె కారును నిలబెట్టినావు. వచ్చే ఆదివారం రిపేరేమీ లేదు. అయినా రా అప్పా. మీ అమ్మానాయనను కూడా పిల్చుకోని రా.”