కూత విన్న తల్లి

"నేను కూత వెయ్యలేదు రూతమ్మా! రేపు ఎంక్వైరీలో అదే చెప్తా...!"

ఆ మాట అనేసి అబ్రహాము గోడవైపు తిరిగి కూర్చున్నాడు. రూతమ్మ చేతిలో సంగటి గిన్నె అట్లాగే ఉండిపోయింది. కొత్త రాష్ట్రం వచ్చిన రెండో ఏడు అది, ఇంకా బొగ్గు ఇంజన్ల కాలం. పన్నెండేళ్లుగా ఇంజను నడిపిన మనిషి, దొనకొండ రైల్వే క్వార్టర్సులో ఉంటూ తొమ్మిది రోజులుగా పట్టాలవైపు తలెత్తి చూడలేదు! గజ్జెలకొండ దగ్గర మలుపులో మాలకొండయ్య అనే రైతు ఈయన నడిపే రైలు కింద పడి చనిపోయిన రోజు నుంచీ ఇంతే. అన్నం సహించదు. కునుకు పడితే చాలు, కూత గొలుసు అందినట్టు చెయ్యి గాల్లో లాగుతూనే ఉంటుంది...

"వేసినావన్నా! పక్కనే బొగ్గేస్తున్నా, నాకు వినపడలేదా?" అని ఫైర్‌మన్ ఏబేలు రోజూ వచ్చి మొత్తుకుంటున్నాడు.

"జాలికొద్దీ అంటున్నావులేరా. ఆ చనిపోయిన పిల్లోడి తల్లి కూత వినపడలేదని పోలీసులకు చెప్పింది గదా!"

రూతమ్మ లాభనష్టాలు ఎరిగిన మనిషి. మనవాళ్ల సాక్ష్యం ఈయన దగ్గర చెల్లదు, ఎదుటివాళ్లదే చెల్లుతుంది అనుకుంది. ఉద్యోగం పోతే కూలి చేసుకోవచ్చు. చెయ్యని తప్పు నెత్తికెత్తుకుంటే మనిషే మిగలడు! ఆ ఇంటికి పోతే తిట్లు పడాలి. పడితే పోయేదేముంది? తూచి చూసుకుని ఆ పొద్దున మొదటి బండికే గజ్జెలకొండలో దిగింది.

మాలకొండయ్య తల్లి వెంకటసుబ్బులమ్మ పంచలో కూర్చుని ఉంది.

"ఎవరు తల్లీ?"

"ఆ బండి డ్రైవరు భార్యను పెద్దమ్మా..."

"ఎంత గుండెనే నీకు! నా బిడ్డను తిన్నది చాలక నన్ను చూసిపోను వచ్చినావా?"

"తిట్టు పెద్దమ్మా, తిట్టు! ఒక్క మాట చెప్పి తిట్టు. ఆ రోజు నువ్వు రైలుకట్ట మీదే గడ్డి కోస్తున్నావంట... కూత నిజంగా వినపడలేదా?"

ముసలామె తల దించుకుంది.

"వినపడిందే! మూడుసార్లు వినపడింది! గేదె పట్టాల మీద మొరాయించింది. నా బిడ్డ తాడు చేతికి చుట్టుకుని లాగుతున్నాడు. వదలరా అని అరిచినా... ముందురోజు గేదె తప్పించుకుపోతే నేనే అన్నానే, ఈసారి వదిలితే ఇంటికి రావద్దని! కూత వేసినాడంటే తప్పు ఎవరిదవుతుంది? నాదే గదా...!"

రూతమ్మ కళ్లు తుడుచుకుని వెనక్కి తిరిగింది. వచ్చి చెప్పమని అడిగే ధైర్యం చాలలేదు.

"ఆయన అన్నం తింటున్నాడా?" అని అడిగింది ముసలామె వెనకనుంచి.

"తొమ్మిది రోజులాయె పెద్దమ్మా..."

"ఉండు. నేనూ వస్తా."

సాయంత్రానికి ఇద్దరూ దొనకొండ చేరారు. గడపలో నిలబడే చెప్పింది వెంకటసుబ్బులమ్మ. "కూత వేసినావు నాయనా. నేను విన్నా. వాడూ విన్నాడు. రేపు మీ ఆఫీసర్ల ముందు కూడా చెప్తా."

అబ్రహాము ఆమె కాళ్ల దగ్గర కూలబడి బావురుమన్నాడు! అన్నాళ్లూ రాని ఏడుపు అది. రూతమ్మ గుండె తేలికపడింది... మరుక్షణమే కుంగిపోయింది. తన ఇంట్లో దిగిన బరువు ఎటు పోయింది? ఈ తల్లి నెత్తికే గదా ఎక్కింది! ఇంతటి లాభం తాను ఏ మొహంతో తీసుకోవాలి?

తెల్లారి ఎంక్వైరీకి పట్టాలు దాటి పోవాలి. పట్టాల దగ్గరకు రాగానే ముసలామెకు అడుగు పడలేదు. అక్కడే నిలబడిపోయింది. రూతమ్మ సాయం పోబోయేలోపే అబ్రహాము ముందుకొచ్చాడు. తలెత్తి పట్టాల పొడుగునా అటు చూశాడు, ఇటు చూశాడు. ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

"బండి లేదమ్మా. దాటుదాం పా."

"నీ మీద కోపం పోలేదు నాయనా నాకు..."

"కోపం పోనక్కర్లేదులేమ్మా," అన్నాడు అబ్రహాము.

ఇద్దరూ ఒకరినొకరు పట్టుకుని మెల్లగా అవతలికి దాటారు.